మాస్టారి చిన్న సంచి

పొద్దున్నే మొహం కడుక్కోవడానికి వెళ్ళిన పార్సిలమ్మకు గ్లాసులో తన బ్రష్షు కనిపించలేదు. వంగి చూస్తే అడుగున పడి ఉంది. పిడి లేదు. కుచ్చు, దాని కింద బొటనవేలంత ముక్క, అంతే మిగిలింది. పక్కనే మాస్టారి బ్రష్షు కూడా అలాగే పొట్టిగా ఉంది కాని, దాని కోసిన అంచును ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది ఉంచారు. ఆమెదాన్ని రుద్దలేదు. తోముకోబోతే వేళ్ళు పెదవులకు తగులుతున్నాయి, అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది.

"ఏవండీ, నా బ్రష్షు కోశారా?"

"పిడితో పళ్ళు తోముకోం కదా," అన్నారు మాస్టారు హాల్లోంచి. "పిడి బరువు వృథా. అక్కదీ బావదీ కూడా తెమ్మన్నాను, కోసిస్తాను."

మాస్టారు కాలేజీలో లెక్కలు చెబుతారు. ఆమె పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటరు చూస్తుంది. కౌంటరుకు వచ్చేవాళ్ళు, తోటి ఉద్యోగులు, ఆఖరికి ఇరుగుపొరుగు కూడా ఆమెను పార్సిలమ్మ అనే పిలుస్తారు, ఆమె పలుకుతుంది. కొండల్లో నడవాలన్న కోరిక మొదట ఆమెకే పుట్టింది. అడవి లోయలో మొదలై, గుట్టల మీదుగా ఎక్కి, మంచు కరగని కనుమ దాటి అవతలి వైపు దిగే పెద్ద బాట అది. ఆ కనుమ మీద నిలబడి ఇటూ అటూ చూడాలని ఉందని ఒకసారి భోజనం చేస్తూ అంది. మాస్టారు అప్పుడు నవ్వి ఊరుకున్నారు. తర్వాత కాలేజీలో తోటి మాస్టారొకాయన అదే బాట ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచొచ్చి గొప్పలు పోయేసరికి ఈయనకు పౌరుషం వచ్చింది. అప్పటినుంచి కోరిక ఈయన సొంతమైపోయింది, ఆమె ఈయన వెంట వచ్చే మనిషైంది.

వెంట వచ్చేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. మాస్టారి అక్క, అంటే పార్సిలమ్మకు వదిన. ఆమె భర్తకు బజారులో గడియారాల దుకాణం ఉంది. ఆయన దేనికైనా నవ్వుతాడు. తిట్టినా నవ్వుతాడు. మాస్టారికి 'గ్రాములు' అని పేరు పెట్టింది ఆయనే.

ఆ సాయంత్రం నలుగురూ సంచులు కొనడానికి వెళ్ళారు. కొండ నడకల సామాను అమ్మే దుకాణం అది. గోడ నిండా కొక్కేలు, కొక్కేల నిండా సంచులు. అక్కడ పనిచేసే అమ్మాయి కొలిచే టేపు మెడలో వేసుకుని వచ్చి, అందరినీ వెనక్కి తిరగమని వీపులు కొలవబోయింది. మాస్టారు తిరగలేదు. ఆయన జేబులోంచి కొక్కెం త్రాసు తీసి, సంచుల్ని ఒక్కొక్కదాన్నే దానికి తగిలించి చూశారు. చిట్టచివరికి బడిపిల్లలు తగిలించుకునేంత సంచి ఒకటి ఎంచుకున్నారు. అలాంటిదే ఇంకొకటి బావ చేతిలో పెట్టారు.

"సంచి పెద్దదైతే చోటుంది కదా అని అడ్డమైనదీ చేరుతుంది బావా. చిన్నది కొను, క్రమశిక్షణ దానంతటదే వస్తుంది."

"నేనూ గ్రాముల మతంలో కలిసిపోయానమ్మా," అని పార్సిలమ్మ వైపు తిరిగి నవ్వాడు గడియారాలాయన.

పార్సిలమ్మ కూడా నీలం రంగు చిన్న సంచి ఒకటి చేతిలోకి తీసుకుంది. మాస్టారు దాన్ని మెల్లగా ఆమె చేతిలోంచి తప్పించి మళ్ళీ కొక్కేనికి తగిలించారు.

"నీకిది చాలదు. ఆడవాళ్ళకి సామాను ఎక్కువుంటుంది."

"నాకేం సామానుందండీ?"

"ఉంటుంది," అన్నారు మాస్టారు.

ఆడవాళ్ళిద్దరికీ కొన్న సంచులు నిలబెడితే నడుం దాటి వచ్చాయి. దుకాణం అమ్మాయి వాటిలో ఇసుకమూటలు వేసి, వాళ్ళ వీపులకెత్తి, నడుం పట్టీ ఎముక మీద కూర్చునేలా సర్ది, భుజాల తాళ్ళు లాగింది. వదినకు ఊపిరి ఆగినంత పనైంది. అయినా "తమ్ముడికి తెలుసులే, నెలల తరబడి అదే చదువు చదివాడు," అంది. టెంటు, స్టవ్వు, గిన్నె కూడా అక్కడే కొన్నారు. నలుగురు పట్టే టెంటు కావాలన్నారు మాస్టారు. దాన్ని విప్పి నిలబెట్టి చూపిస్తానని అమ్మాయి అంటే, అక్కర్లేదని చెప్పి మూటను మూటగానే తూచి పక్కన పెట్టారు.

మర్నాడు హాల్లో తూకాలు మొదలయ్యాయి. నేల మీద దుప్పటి పరిచి, దాని మధ్య వంటింటి త్రాసు పెట్టారు. పిండి కొలుచుకునే త్రాసు. మాస్టారు తన సామాను ఒక్కొక్కటే దాని మీద పెడుతూ బరువు పైకి చదివారు. జుబ్బా లేబులు కత్తిరించారు. దువ్వెనను సగానికి విరిచారు. సబ్బును దారంతో కోసి అగ్గిపెట్టెలో పట్టేంత ముక్క చేశారు. అదంతా చూస్తే ముచ్చటగానే ఉండేది, అక్కడితో ఆగి ఉంటే. తర్వాత ఆయన చెయ్యి పార్సిలమ్మ బట్టల మూటలోకి వెళ్ళింది.

ఆమె లోపలి బట్టలు ఒక్కొక్కటే రెండు వేళ్ళతో పైకెత్తి, పిండి త్రాసు మీద వేసి, "ఇది బరువెక్కువ. దీని బదులు పల్చటిది లేదూ?" అని అడిగారు. గడియారాలాయన అక్కడే మోడా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన చూపు పక్కకు తిప్పుకోవాలి కదా, తిప్పుకోలేదు. నవ్వాడు. పార్సిలమ్మకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి త్రాసు మీది బట్ట లాక్కుని గుప్పిట్లో నలిపేసుకుంది. మాస్టారు త్రాసు ముల్లు సున్నాకు వచ్చిందో లేదో చూసుకుని తరవాతి వస్తువు తీశారు.

అందరి తూకాలూ అయ్యాక ఎవరి బరువెంతో మాస్టారు ప్రకటించారు. ఆయనదే అందరికన్నా తక్కువ. గడియారాలాయన భుజం తట్టాడు, వదిన మురిసిపోయింది. ఇక దుప్పటి మీద మిగిలింది ఉమ్మడి సామాను. టెంటు, దాని కర్రలు, స్టవ్వు, గ్యాసు డబ్బాలు, గిన్నె, మందుల పెట్టె, నలుగురి తిండి. ఉమ్మడిది కాబట్టి అది ఎవరి లెక్కలోకీ రాదన్నారు మాస్టారు. లెక్కలోకి రాకపోయినా ఎవరో ఒకరి వీపు మీదికి రావాలి కదా. దానికీ ఆయన దగ్గర సూత్రం ఉంది.

"ఎవరి సంచిలో చోటుంటే వాళ్ళ సంచిలోకి."

టెంటు, స్టవ్వు, సగం తిండి పార్సిలమ్మ సంచిలోకి వెళ్ళాయి. కర్రలు, గ్యాసు, గిన్నె, తక్కిన తిండి వదిన సంచిలోకి వెళ్ళాయి. చిన్న సంచులు రెండూ మూతులు బిగించుకుని గోడకు జారగిలబడి ఉన్నాయి. పార్సిలమ్మ వాటి వంక చూసింది. మొయ్యకుండా ఉండాలంటే ఎంత తేలికైన ఉపాయమో అనిపించింది. దబాయించక్కర్లేదు, బతిమాలక్కర్లేదు, చిన్న సంచి కొనుక్కుంటే చాలు. ఆమెకు నోట్లో ఏదో పాచిపోయిన రుచి వచ్చినట్టయింది.

సెలవు రోజున ఊరి బయట ఉన్న గుట్ట ఎక్కడానికి వెళ్ళారు. అలవాటు పడాలి కాబట్టి ఆడవాళ్ళు నిండు సంచులతోనే నడిచారు. మగవాళ్ళవీ నిండు సంచులే, ఆ మాట ఒప్పుకోవాలి.

మాస్టారు ముందు వెళ్ళిపోయి, మలుపు మలుపు దగ్గరా నిలబడి, గడియారం చూసుకుంటూ వీళ్ళ కోసం ఎదురుచూశారు. వీళ్ళు రొప్పుతూ అక్కడికి చేరగానే ఆయన విశ్రాంతి పూర్తయ్యేది, మళ్ళీ బయల్దేరేవారు. "అడుగు చిన్నగా వెయ్యి, శ్వాస లెక్కపెట్టుకో," అని పైనుంచి చెప్పేవారు. పార్సిలమ్మకు నడుం పట్టీ కింద చర్మం కమిలింది. వదిన మాట్లాడటం మానేసింది. ఏ తమ్ముడి మీదైనా ప్రేమ ఒక ఎత్తుదాకానే ఎక్కుతుంది కాబోలు.

గుట్ట మీద ఎక్కి ఊరు చూడటానికి కట్టిన ఇనుప గోపురం ఒకటుంది. దాని నీడలో కూర్చున్నారు. బరువని మాస్టారు తిండి తెచ్చుకోలేదు. నీళ్ళు కూడా సీసాలో అడుగున కాసిని తెచ్చుకుని దారిలోనే తాగేశారు. పార్సిలమ్మ సంచి జిప్పు ఆయనే తీసి, వేరుశెనగల పొట్లం చింపి, గుప్పెళ్ళతో నోట్లో పోసుకున్నారు. ఆమె సీసాలోని నీళ్ళు గటగటా తాగారు. ఆమె తువ్వాలు తీసి మెడ, చంకలు తుడుచుకుని, తడి తువ్వాలును బిస్కెట్ల మీదుగా ఆమె సంచిలోకే కుక్కారు.

"చూశావా బావా, బరువు లేకపోతే మనిషికి అలుపే ఉండదు."

ఆమె బిస్కెట్లు ముట్టలేదు. తిండి మీదికి మనసు పోలేదు. ఆయన దవడలు ఆడటం చూస్తుంటే రోత పుట్టి మొహం తిప్పుకుంది. అవతల దూరంగా, మబ్బుల కింద, కొండల వరస సన్నగా కనిపిస్తోంది. అక్కడికి వెళ్ళాలి, ఎంత మోసైనా సరే, కనుమ దాటాలి అనుకుంది. అది ఒక్కటీ దక్కితే తక్కినదంతా మింగుకోవచ్చు అనుకుంది.

ఆ మర్నాడు కౌంటరు దగ్గర మహా రద్దీ. ఒకాయన డబ్బా బరువు ఎక్కువైందని మూత విప్పి, లోపలి బూట్లు తీసి, వెనక నిలబడ్డ మనిషి డబ్బాలో పెట్టించమని బతిమాలుతున్నాడు. ఇద్దరి పార్సిళ్ళూ వెళ్ళేది ఒకే ఊరికి. ఆ వెనకాయన మొహమాటస్తుడు, కాదనలేక డబ్బా విప్పుతున్నాడు. ఇలాంటివి ఆమెకు రోజూ ఉండేవే. ఇంతలో ఫోను మోగింది. బస్సు టిక్కెట్ల ఆఫీసు నుంచి.

"మేడమ్, సారు ఫోను ఎత్తట్లేదు. మీ ఇద్దరు ఆడవాళ్ళకి వెనక్కొచ్చే బస్సులో ముందు సీట్లు లేవు, మధ్యలో ఇవ్వమంటారా?"

"వెనక్కి నలుగురం వస్తాం. అవతలి వైపు నుంచి."

"అది సార్లిద్దరిదీ మేడమ్. మీదీ ఇంకో మేడమ్‌దీ మధ్య ఊరి నుంచి కదా. సారే పోయిన వారం చెప్పారు. సామాను కూడా ఎక్కువుంటుంది, డిక్కీలో చోటు పెట్టమన్నారు."

ఆమె చెయ్యి త్రాసు మీదే ఆగిపోయింది. బాటకు సరిగ్గా నడిమధ్యన చిన్న ఊరుంది, రోడ్డున్న ఊరు అదొక్కటే. కింది సగంలో గూడూ నీడా లేవు, టెంటు వేసుకోవాలి, వండుకోవాలి. పై సగంలో మజిలీకో బస ఉంటుంది, పడకా వేడి తిండీ అక్కడే దొరుకుతాయి. అంటే టెంటు కావలసినంత దూరం ఆడవాళ్ళు నడుస్తారు. టెంటు అక్కర్లేని చోటికి వచ్చాక దాన్ని వీపునేసుకుని బస్సెక్కి ఇంటికి వస్తారు. కనుమ పై సగంలో ఉంది.

"మధ్య సీట్లు ఇవ్వమంటారా మేడమ్?"

"మళ్ళీ చెబుతాను," అంది. ఎదురుగా ఉన్న డబ్బా తూచి, రసీదు చింపి ఇచ్చింది. ఆ తర్వాతి డబ్బా కూడా తూచింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి.

ఇంటికి వచ్చేసరికి మాస్టారు కత్తెరతో బాట పటం అంచులు కత్తిరిస్తున్నారు. అడిగితే దాచలేదు. దాచవలసిందేమీ ఉందనుకోలేదు ఆయన.

"చెబుదామనే అనుకున్నాను. గుట్ట మీద చూశాంగా, మీరు బాగా అలిసిపోతున్నారు. పైన గాలి పల్చగా ఉంటుంది. నీ మంచికే."

"టిక్కెట్లు గుట్ట ఎక్కకముందే మాట్లాడారుగా."

"అంచనా," అన్నారు మాస్టారు.

ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. కోపం వస్తే గొంతు పెంచే మనిషి కాదు. "ఒక్క మాట చెప్పండి. టెంటు మీరు పట్టుకోండి, స్టవ్వు అన్నయ్యగారు పట్టుకుంటారు. తిండి నలుగురం పంచుకుందాం. అప్పుడు మేం అలిసిపోం. నలుగురం కనుమ దాటుదాం."

మాస్టారు ఆమె వంక జాలిగా చూశారు. సులువైన లెక్క తప్పు చేసిన పిల్లను చూసినట్టు చూశారు. లేచి వెళ్ళి తన సంచి తెచ్చి, మూతి విప్పి, లోపలికి చూపించారు.

"ఎక్కడ పెట్టమంటావు? పట్టదు కదోయ్."

నిజమే, పట్టదు. ఆమెకు ఆ మనిషి పక్కన కూర్చుని ఇన్నాళ్ళు భోజనం చేశానా అనిపించి ఒళ్ళు జలదరించింది.

పొద్దున ఆఫీసుకు వెళ్ళే ముందు వదిన ఇంటికి వెళ్ళింది. వదిన గిన్నెలు తోముకుంటోంది. సంగతి విని, తోముతున్న గిన్నె పక్కన పెట్టి, "నీ మాట సరే, నాకూ తీశారా బస్సు?" అంది. నమ్మలేక భర్తను పిలిచింది. ఆయన గడ్డం నురగతో వచ్చాడు.

"అవునోయ్, నీ మోకాళ్ళ కోసమే."

"నా మోకాళ్ళకేమైంది?"

"ఇప్పుడేం కాలేదు. అవుతాయిగా, అంత బరువుకి," అని నవ్వాడు.

వదిన నవ్వలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. ఆయన మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళాక, "మరి నువ్వేమంటావు?" అని పార్సిలమ్మను అడిగింది.

"ఆ నలుగురి టెంటు మనమెందుకు మొయ్యాలి వదినా?"

మధ్యాహ్నం భోజనం వేళ ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. టెంటు మూటకు కంపెనీవాళ్ళు కట్టిన ముడి కట్టినట్టే ఉంది. మాస్టారు దాన్ని ఎన్నిసార్లో తూచారు గాని ఒక్కసారీ విప్పలేదు. దుకాణం అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పేచీ పెట్టకుండా వెనక్కి తీసుకుంది.

"దీని బదులు ఏం కావాలి మేడమ్?"

"ఇద్దరు పట్టేది," అంది పార్సిలమ్మ. "ముందు నిలబెట్టి చూపించు."

అమ్మాయి నేల మీద గుడ్డ పరిచి, కర్రలు వంచి, గూడులా నిలబెట్టింది. ఇద్దరూ చెప్పులు విడిచి లోపలికి దూరి పడుకున్నారు. భుజాలు ఒరుసుకున్నాయి. వదిన కాళ్ళు చాపి చూసుకుంది, పైకి చూసింది, పై గుడ్డ తడిమింది. "నీకు గురక వస్తుందా?" అని అడిగింది. "వస్తుందంటారు," అంది పార్సిలమ్మ. "నాకూ వస్తుంది, సరిపోయింది," అంది వదిన. పెద్ద గిన్నె ఇచ్చేసి చిన్నది తీసుకున్నారు. పెద్ద సంచులు మాత్రం మార్చలేదు. సగం ఖాళీగా ఉన్నా వీపుకు బాగా కుదిరాయి, దుకాణం అమ్మాయి కొలిచి ఇచ్చినవి కదా.

బయటికి వచ్చి టిక్కెట్ల ఆఫీసుకు ఫోను చేసింది. మధ్య ఊరి నుంచి రెండు సీట్లూ వద్దంది. అవతలి వైపు నుంచి రెండు కావాలంది. వెళ్ళేటప్పుడు తామిద్దరూ ఒకరోజు ముందే వెళతామంది. "సార్లు?" అని అడిగాడతను. "వాళ్ళ సీట్లు వాళ్ళకే ఉంచండి," అంది. పోస్టాఫీసులో సెలవు కూడా ఒకరోజు ముందుకు జరుపుకుంది.

బయల్దేరే రోజు మాస్టారు కాలేజీకి వెళ్ళాక ఆమె సంచి సర్దుకుంది. దొంగలా వెళ్ళడం ఆమెకు నచ్చలేదు, అందుకని మొహమాటం లేకుండా మగవాళ్ళ వంతు తిండి లెక్కగా తీసి, మందుల్లో వాళ్ళకు కావలసినవి తీసి, అన్నీ గుట్టగా మాస్టారి చిన్న సంచి పక్కన పెట్టింది. గుట్ట సంచికన్నా పెద్దదిగా కనిపించింది. తలుపు వేసి, తాళం చెవి పక్కింట్లో ఇచ్చింది. మెట్లు దిగుతుంటే నడుం పట్టీ ఎముక మీద సరిగ్గా కూర్చుంది.

బస్సు ఊరు దాటాక, ఎండ వాలుతున్న వేళ ఫోను మోగింది. వదిన కిటికీ పక్కన కూర్చుని ఉంది. పార్సిలమ్మ ఫోను చెవిన పెట్టుకుంది.

"ఎక్కడున్నారు మీరు? టెంటు ఏది?"

"మా దగ్గర ఉందండీ."

"తెలుసు, ఎందుకు తీసుకెళ్ళారని? రేపు మేం వచ్చేదాకా అక్కడే ఆగండి. సరే, టెంటు నేనే మోస్తాను, ఎలాగో సర్దుతాను."

"ఇది ఇద్దరికే పడుతుందండీ. పెద్దది మార్చేశాం."

అవతల గడియారాలాయన గొంతు దూరంగా ఏదో అంటోంది. ఈసారి అందులో నవ్వు లేదు.

"అయితే మేం ఎలా నడవాలి కింద? ఎక్కడ పడుకోవాలి? దేని మీద వండుకోవాలి?" మాస్టారి గొంతు మొదటిసారి చిన్నదైంది.

"మధ్య ఊరిదాకా బస్సుందిగా. తిన్నగా అక్కడికి వచ్చెయ్యండి. పై సగానికి టెంటు అక్కర్లేదు, మీ సంచులు చాలు. మేం నడిచి వచ్చేదాకా ఆగితే కలుస్తాం, లేకపోతే మీ దారిన మీరు వెళ్ళండి." ఆమెకు తన గొంతు తనకే ఆశ్చర్యంగా వినిపించింది. కౌంటరులో చిరునామా సరిచూస్తున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"అలాగైతే," అన్నారు మాస్టారు. ఆగారు. నిజంగా నొచ్చుకున్న గొంతుతో అన్నారు. "అలాగైతే మేం సగమే నడిచినట్టవుతుంది."

అవతల ఆయనే పెట్టేశారు.

"ఏమంటాడు?" అని అడిగింది వదిన.

"సగమే నడిచినట్టవుతుందట."

వదిన కిటికీలోంచి బయటికి చూసింది. బస్సు వంతెన దాటింది, చెక్‌పోస్టు దగ్గర ఆగి మళ్ళీ కదిలింది.

"అయితే వాడికి ఆ సంగతి తెలుసన్నమాట," అంది.